సముద్రానికి సున్నపు తేట

ఎల్లారెడ్డిలో ఒక ఇంటి నడింట్లో సముద్రం ఉండేది. ఆ సముద్రాన్ని నేను సున్నం పోసి చంపానని కామారెడ్డిలో నా దుకాణం ముందు నిలబడి, నలుగురూ వింటుండగా చెప్పారు. నేను చంపలేదు. నా సున్నమూ చంపలేదు. ఈ మాట ఆ రోజే చెప్పాను. విన్నవాళ్ళు తక్కువ, నవ్వినవాళ్ళు ఎక్కువ.

ఇన్నేళ్ళయింది, ఇంకా కోపమేనా అని మా ఇంట్లో అడుగుతారు. కోపమే. పని చెడగొట్టినవాడి మీద మాట పడితే న్యాయం. చెడగొట్టనివాడి మీద పడితే, వాడు బతికినన్నాళ్ళూ ఆ మాటను వెనక్కి తోస్తూనే ఉండాలి. నేను తోస్తూనే వచ్చాను.

నాది అద్దాల దుకాణం. స్టేషన్ నుంచి బజారులోకి వచ్చే దారిలో ఉండేది. దేవుళ్ళ పటాలకు ఫ్రేములు కట్టడం, కిటికీలకు అద్దాలు కోయడం నా పని. డెబ్బయ్యో దశకంలో చేపల తొట్లు కట్టడం మొదలుపెట్టాను. అప్పట్లో ఇనుప చట్రంలో అద్దం నిలబెట్టి అంచుల్లో లప్పం కూరేవాళ్ళం. కొన్నాళ్ళకే కారేది. తర్వాత అద్దాన్ని అద్దానికే అంటించే జిగురు గొట్టాలు హైదరాబాదులో దొరికాయి. డాక్టరు గదిలోనో బట్టల దుకాణంలోనో ఎర్ర చేప తిరిగే తొట్టి కనిపిస్తే, కామారెడ్డిలో అది నా చేతిదే అయ్యుండేది. చేపకు బూజు పట్టినా, నీళ్ళు పచ్చబడినా నా దగ్గరికే వచ్చేవారు.

బడి నాకు నాలుగో తరగతితో సరి. అది కూడా ఉర్దూలో. ఇంగ్లీషు నేను చేపల కోసం నేర్చుకున్నాను. హైదరాబాదుకు అద్దాల లోడు కోసం పోయినప్పుడల్లా ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేవాణ్ణి. చేప బొమ్మ ఉంటే చాలు, కొనేవాణ్ణి. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీ ఎన్ని రోజులు పట్టినా సరే, అర్థమయ్యేదాకా తిప్పేవాణ్ణి కాదు. నీళ్ళలో ఏముంటుందో, అది పెరిగితే ఏమవుతుందో, తరిగితే ఏమవుతుందో అట్లాగే పట్టుబడింది.

సున్నం సంగతి మాత్రం ఏ పుస్తకమూ నాకు చెప్పనక్కర్లేదు. మా బాపు డంగు సున్నం తొక్కించేవాడు. ఎద్దులు రాతి చక్రాన్ని తిప్పుతుంటే గాడిలో సున్నం వెన్నలా నలిగేది. నేను నడక నేర్చింది ఆ గాడి అంచునే. ఏ సున్నం గోడకు, ఏ సున్నం నోటికి, ఏది చేతిని తింటుంది, ఏది తినదు అన్నది వాసనతో చెప్పగలను. ఇప్పటికీ చెప్పగలను.

తొంభైల మొదట్లో ఒక పొద్దున దుకాణం తెరుస్తుంటే ఎల్లారెడ్డి ఊరి తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. తోడబుట్టినవాడు కాదు. గల్ఫ్‌కు పోకముందు కొన్నేళ్ళు నా దగ్గర అద్దం కోయడం నేర్చుకున్నవాడు. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. అక్కడ ఒక పెద్దమనిషి ఇంట్లో గోడంత సముద్రపు తొట్టి ఉంటే దాన్ని చూసుకునే పని దొరికిందని ఎప్పుడో కబురు చెప్పాడు. ఇప్పుడు ఆ పని అయిపోయి, బొంబాయిలో దిగి, మన్మాడ్‌లో బండి మారి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఒక చేతిలో మంచుపెట్టె. భుజం మీద మూట.

"మూటల ఏందిరా?" అన్నాను.

"ఉప్పన్నా."

పక్క దుకాణం టైలరు మిషను ఆపి మరీ నవ్వాడు. "సెంట్లు తెస్తరు, టేపురికార్డర్లు తెస్తరు. గీనె ఉప్పు తెచ్చిండు! మన దగ్గర దొరకదనుకున్నవా బిడ్డా?"

తమ్ముడు మంచుపెట్టె మూత తీశాడు. లోపల నీళ్ళు, బ్యాటరీతో నడిచే చిన్న గాలి యంత్రం. నీళ్ళలో పిడికెడంత రాయి, రాయి మీద గోధుమరంగు కొమ్మలు. కొన్ని నత్తలు. గాజులా కనిపించే ఒక రొయ్య. నల్లచారల చిన్న చేప ఒకటి.

"ఇది పగడం, అన్నా. ప్రాణం ఉన్నది."

టైలరు వంగి చూశాడు. "పగడమంటే ఎర్రగుండాలె గదా? నిన్ను మోసం జేసిండ్రు."

ఆ రోజే అద్దం కోశాను. ఆ వారంలోనే తొట్టి కట్టి, బస్సు మీద ఎల్లారెడ్డికి తీసుకుపోయి నడింట్లో పెట్టాను. వాళ్ళది పెంకుల ఇల్లు. తొట్టికి సరిగ్గా పైన కొన్ని పెంకులు తీసి గాజు పెంకులు వేశాను, పగటి వెలుతురు నీళ్ళ మీద పడేటట్టు. కరెంటు పోతే గాలికి లారీ బ్యాటరీ. ఎండకు నీళ్ళు వేడెక్కకుండా పైన టేబుల్ ఫ్యాను. గాలి తగిలితే నీళ్ళు చల్లబడతాయి గాని చాలా ఆవిరైపోతాయి కూడా. తెల్లారేసరికి మట్టం దిగేది. దిగినంత మంచినీళ్ళు మళ్ళీ పోయాలి. ఈ పోయడంలోనే మొత్తం కథ ఉంది.

తమ్ముడి తల్లిని మేమందరం అమ్మీ అనేవాళ్ళం. సన్నటి మనిషి, పెద్ద గొంతు. ఆకులూ వక్కలూ సున్నమూ పెట్టుకునే పాన్‌దాన్ ఒడిలో లేకుండా నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో ఉర్దూ అయినా నాతో తెలుగే మాట్లాడేది. నీళ్ళు నింపి, ఉప్పు కరిగించి, రాయి దించిన రోజు ఆమె పీట వేసుకుని తొట్టి ముందు కూర్చుంది. ఎంతసేపటికీ లేవలేదు.

"సముద్రం గిదేనా బేటా?" అని నన్ను అడిగింది.

"గిదే అమ్మీ. జర్రంత."

"గింత సల్లగున్నది. నా కొడుకును గన్నేండ్లు అటే పట్టుకుంటే, ఎట్లుంటదో అనుకున్న."

ఆ రోజు నుంచి తొట్టి ఆమెది. కొడుకు సైకిలు టైర్ల దుకాణం పెట్టుకుని పొద్దంతా బజారులో ఉండేవాడు. చేప ఆమె చేతి నీడ చూసి పైకి వచ్చేది. నత్తలు ఎక్కడున్నాయో ఆమెకే తెలుసు. చుట్టాలొస్తే ముందు చాయ్ కాదు, సముద్రం. "మొకం కడుక్కొని రాండ్రి, చూపిస్త" అనేది.

అసలు విషయానికి వస్తాను. పగడం అంటే చెట్టు కాదు, రాయీ కాదు. చిన్న చిన్న జీవులు నీళ్ళలోంచి సున్నం తీసుకుని తమ కింద ఎముక కట్టుకుంటూ పోతాయి. సముద్రంలో ఆ సున్నానికి అంతు లేదు. అద్దాల తొట్టిలో ఉన్నది కొన్నాళ్ళకు అయిపోతుంది. అయిపోతే కొమ్మ పెరగడం ఆగుతుంది, తర్వాత తోలు ఊడుతుంది. అందుకని తమ్ముడు అక్కడి నుంచి రెండు సీసాలు తెచ్చాడు. ఒకదాంట్లో కాల్షియం, ఇంకోదాంట్లో క్షారం. ఎముకకు రెండూ కావాలి. ఇంట్లోవాళ్ళకు ఈ రెండో సీసా ఎందుకో ఎంత చెప్పినా అర్థం కాదు. గోడకు ఇటుకా కావాలి, అడుసూ కావాలి అని చెబితే అమ్మీకి వెంటనే తెలిసింది.

సీసాలు అయిపోయాయి. కామారెడ్డిలో అవి దొరకవు, హైదరాబాదులో అడిగితే మొహం చూశారు. తమ్ముడు మెడికల్ షాపు నుంచి గోలీలు పట్టుకొచ్చాడు.

"బాలింతలకిచ్చే కాల్షియం, అన్నా. దంచి ఏద్దామా?"

"నీ పగడం బాలింత గాదు" అన్నాను. ఆ గోలీల్లో ఉన్నది సుద్ద. సుద్ద మనిషి కడుపులో కరుగుతుంది, సముద్రపు నీళ్ళలో కరగదు, అడుక్కి చేరి కూర్చుంటుంది. పైగా తీపి, రంగు. కోడిగుడ్డు పెంకు నూరి వేద్దామని ఎవరో అన్నారు. అదీ సుద్దే. ప్రయోగశాలలకు సామాను అమ్మేవాళ్ళ దగ్గర కాల్షియం క్లోరైడ్ దొరుకుతుంది, తెప్పించాను కూడా. కానీ అది ఇటుక మాత్రమే ఇస్తుంది. అడుసు ఇవ్వదు. పోసినకొద్దీ నీళ్ళలో ఇంకేదో లెక్క తప్పుతుంది. దాన్ని మూత బిగించి అటక మీద పెట్టేశాను.

అప్పుడు నా పాత పత్రికల్లో ఒకదాంట్లో చదివింది గుర్తొచ్చింది. ఏదో చల్లటి దేశంలో వాళ్ళు సున్నపు తేట పోస్తారు. ఉత్త సున్నం. నీళ్ళలో కలిపి, దించి, పైన తేరిన తేట. అందులో ఇటుకా అడుసూ రెండూ ఉంటాయి, కావలసిన పాళ్ళలోనే ఉంటాయి. ఆ పేజీ నేను మూడుసార్లు చదివి పుస్తకం మూసి గట్టిగా నవ్వాను. మా బాపు గాడిలో ఇన్నేళ్ళు తొక్కించిన దాని కోసం వాళ్ళూ వీళ్ళూ సీసాలు అమ్ముతున్నారు!

అయితే అన్ని సున్నాలూ పనికిరావు. రాతి సున్నంలో ఏ రాయి కలిసిందో ఎవరికి తెలుసు? పాన్ డబ్బాల్లో అమ్మే సున్నంలో మెత్తదనానికని పెరుగో పాలో కలుపుతారు. నేను ఎంచింది గుల్ల సున్నం. చెరువుల్లో ఏరిన నత్తగుల్లలను కాల్చి తీసేది. మాచారెడ్డి దారిలో కాల్చేవాళ్ళుండేవారు, నా కళ్ళ ముందు కాల్పించి తెచ్చుకునేవాణ్ణి. చెరువు నత్త ఇల్లు కరిగి సముద్రపు పగడానికి ఎముక అవుతుందంటే నమ్మనివాళ్ళు నవ్వుకోవచ్చు. అయింది, నేను చూశాను.

తయారీ చెబుతాను. బోరు నీళ్ళు వద్దు, మా దగ్గర బోరు నీళ్ళతో చాయ్ గిన్నెకే తెల్లపొర కడుతుంది. బ్యాటరీలకు పోసే నీళ్ళే వాడాలి. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి, సున్నం వేసి, ఒకసారి కలిపి వదిలేయాలి. గాలి తగిలితే పైన మీగడలా కడుతుంది. ఆ మీగడ మళ్ళీ సుద్దే, పనికిరాదు. తెల్లవన్నీ అడుక్కి దిగి, పైన నీళ్ళు అద్దంలా అయ్యాక ఆ తేట ఒక్కటే తీయాలి. అడుగును కదిలించకూడదు. తేట సత్తువగా ఉందో లేదో చూడ్డానికి పసుపు రాసిన కాగితం ముంచాలి. చివ్వున ఎర్రబడితే ఉన్నట్టు.

ఇక మోతాదు. రాత్రి ఫ్యాను కింద ఆవిరైనంతే, అంతకు మించి చుక్క కూడా వద్దు. అదీ తెల్లవారుజామున, గాజు పెంకుల మీద ఎండ పడకముందు. గబుక్కున పోస్తే నీళ్ళు పాలైపోతాయి, ఉన్న సున్నం కూడా సుద్దై రాలిపోతుంది, చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. అందుకని ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించే గొట్టం తెచ్చి తొట్టి పైన కట్టాను. ఒక చుక్క పడి నీళ్ళలో మాయమైన తర్వాతే రెండో చుక్క.

ఇదంతా అమ్మీకి చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

"సున్నం నాకు నేర్పుతున్నవా బేటా? పాన్‌ల ఎక్కువైతే నోరు కాలుతది, తక్కువైతే పండది. గంతే గదా?"

"గంతే అమ్మీ. తొట్టికి గూడ నోరున్నదనుకో."

"అట్ల చెప్పు! గింత సేపు ఏందేందో చదివినవు."

ఆ తర్వాత ఏ పొద్దున నేను పోయినా ఆమె నమాజు చదువుకుని, గొట్టం తిప్పి, పీట మీద కూర్చుని చుక్కలు చూస్తూ ఉండేది. ఆమె చేతి తేటలో మడ్డి ఉండగా ఒక్కసారీ చూడలేదు. సున్నం నేను డబ్బాలో పెట్టి ఎల్లారెడ్డి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాణ్ణి. కొన్ని నెలలకు కొమ్మల కొసలు తెల్లగా మెరవడం మొదలైంది. కొస తెల్లగా ఉందంటే కొత్త ఎముక కడుతోందని. అద్దం మీద, రాళ్ళ మీద గులాబీ రంగు పొర పాకింది. గల్ఫ్‌లో పెద్దమనిషి ఇంట్లో కూడా అంత గులాబీ రాలేదని తమ్ముడే అన్నాడు. పిడికెడు పగడం దోసెడైంది. డోంగ్లి నుంచి వాళ్ళ చుట్టాలు బండి కట్టుకుని మరీ వచ్చి చూసిపోయారు.

సున్నం ఎప్పుడైనా అందకపోతే ఏం చేయాలో కూడా చెప్పాను. ఏమీ చేయొద్దు. ఉత్త బ్యాటరీ నీళ్ళు పొయ్యండి. కొన్నాళ్ళు తిండి తక్కువైతే పగడం చావదు. ఇది తల్లికీ చెప్పాను, కొడుకుకీ చెప్పాను.

ఆ ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. గుల్లలు కాల్చేవాళ్ళ ఆవం తడిసి పని ఆగింది. నేను డబ్బా పంపలేకపోయాను. డ్రైవరుతో కబురు పెట్టాను, సున్నం లేదు, ఉత్త నీళ్ళు పోయమనండి అని. వానలు కాస్త తెరిపివ్వగానే వాళ్ళింట్లో ఏదో శుభకార్యం ఉందని గోడలకు సున్నం వేయిస్తున్నారని విన్నాను. అది విని నాకేమీ అనిపించలేదు. గోడల సంగతి గోడలది.

తర్వాత ఒక మధ్యాహ్నం తమ్ముడు దుకాణానికి వచ్చాడు. కూర్చోలేదు. పటానికి ఫ్రేము కట్టించుకునే ఇద్దరు ముగ్గురు ఉన్నారు, టైలరు ఉన్నాడు.

"అన్నా, నీ సున్నం నా తొట్టిని చంపింది" అన్నాడు.

నా చేతిలో అద్దం కోసే కలం అట్లాగే ఆగింది. "ఏం చచ్చింది?"

"పగడం. నత్తలు. రొయ్య. అన్ని."

"చేప?"

బల్ల మీది అద్దం ముక్కల వైపు చూశాడు.

"చేప బతికున్నదా లేదా చెప్పు."

"ఉన్నది."

"మరి సున్నం ఎక్కువైతే ముందుగాల పొయ్యేది చేపనే గదరా. నత్త సచ్చి చేప ఎట్ల బతికింది?"

"గవన్ని నాకు తెల్వదన్నా. నీ సున్నం వల్లనే పోయింది. గంతే." ఈసారి గట్టిగా అన్నాడు, రోడ్డు మీదివాళ్ళకు కూడా వినబడేటట్టు. అనేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు మొదటి బస్సుకే ఎల్లారెడ్డి పోయాను. ఇల్లు తళతళలాడుతోంది. పీట ఖాళీగా ఉంది. అమ్మీ ఏదని తమ్ముణ్ణి అడిగితే, గోడల పని మొదలుకాక ముందే మాచారెడ్డిలో బిడ్డ ఇంటికి పోయిందన్నాడు. తొట్టిలో పగడం ఎముకలా తెల్లగా ఉంది. నత్తగుల్లలు అడుగున బోర్లా పడి ఉన్నాయి. నల్లచారల చేప మాత్రం నన్ను చూసి పైకి వచ్చింది.

వాకిట్లో గోడల సున్నం కలిపిన డ్రమ్ము ఇంకా ఉంది. నేను డబ్బా మూత తీశాను, తేట తీసే డబ్బా. అడుగున ఉన్నది నా గుల్ల సున్నం కాదు. నా సున్నం పాలలా ఉంటుంది, ఇది లేత నీలంగా ఉంది. తెల్లరుమాలు ముంచి ఎండలో ఆరేశాను. ఆరిన చోట నీలం మరక. గోడలకు వేసినతణ్ణి బజారులో పట్టుకుని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. "సరేసు ఏస్త, నీలం ఏస్త. సరేసుకు పురుగు పట్టకుంట మైలుతుత్తం ఏస్త. అందరు ఏసేదే గదనే."

మైలుతుత్తం! తేలిపోయింది. మామూలుగా ఆ రాగి తుత్తం సున్నంలో పడితే అడుక్కి దిగుతుంది. సరేసు జిగురుతో కలిసిన తుత్తం దిగదు, తేటలోనే ఉండిపోతుంది. ఎంత ఆపినా, ఎంత జాగ్రత్తగా వంచినా పైకే వస్తుంది. అది నత్తకు విషం, రొయ్యకు విషం, పగడానికి విషం. చేపకో? చేపకు బూజు పడితే నేను వేసే మందే అది. అందుకే చేప బతికింది. నేను కళ్ళు మూసుకుని చెప్పగలను.

రుమాలు తమ్ముడి ముందు పరిచాను. "డ్రమ్ముల సున్నం పోసినవు. ఇంట్ల నువ్వొక్కనివే ఉన్నవంటివి. నువ్వే పోసినవు."

రుమాలు వైపు చూశాడు, నా వైపు చూడలేదు. "నువ్వు పంపిన సున్నమే పోసిన" అన్నాడు.

"నేను పంపనే లేదు గదరా!"

"పాతది ఉండె."

ఇక అక్కడ నిలబడలేదు. సాక్ష్యం నా చేతిలో ఉంది, ఒప్పుకోవలసిన నోరు మూసుకుంది. తన తప్పు దాచుకోవడానికి నా మీద వేశాడని బస్సులో కూర్చున్నంతసేపూ తిట్టుకున్నాను.

బజారు గురించి చెప్పాలా? సున్నం సేఠ్ అని పేరు పెట్టారు. "అన్నా, మా ఇంటికి సున్నం ఏద్దామనుకుంటున్న, మనుషులు బతుకుతరంటవా?" అని ఒకడు. టైలరయితే చాయ్ తెప్పించినప్పుడల్లా గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి, "తేటనే గద?" అనేవాడు. చేపకు బూజు పట్టిందని వచ్చేవాళ్ళు తగ్గారు. తొట్టి కట్టించుకునేవాళ్ళు కట్టించుకుని, నీళ్ళ సంగతి మేం చూసుకుంటాం లెమ్మనేవారు. నా నోటి మాటకు కామారెడ్డిలో ఉన్న విలువ ఒక్క మధ్యాహ్నంతో దిగిపోయింది. ఎవడైనా సరే, దాన్ని ఊరుకుంటాడా? నేను ఊరుకోలేదు. తమ్ముడు కనిపించిన ప్రతిసారీ, బస్టాండులో అయినా, పెళ్ళిలో అయినా, ఒక్కటే అడిగేవాణ్ణి. "చేప ఎట్ల బతికింది తమ్మీ?"

తల వంచుకునేవాడు. అయితే ఒక్కసారి కూడా నన్ను చూసి పక్కకు తప్పుకోలేదు. అది కూడా నాకు పొగరులాగే కనిపించేది.

ఇంకా మండించిన సంగతి ఇంకోటుంది. ఏడాదో ఏడాదిన్నరో గడిచాక వాళ్ళింట్లో పెళ్ళికి పిలిచారు. పోనని మొండికేస్తే మా ఇంటావిడ, అమ్మీ పిలిచింది కదా అని లాక్కుపోయింది. అమ్మీ నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. తొట్టి అక్కడే ఉంది. తెల్లటి పగడం చుట్టూ ఆ చేప ఒక్కటే తిరుగుతోంది, నా సాక్షి.

"దిల్‌ల పెట్టుకోకు బేటా" అంది. "తెలిసి చెయ్యలే గద నువ్వు. సున్నం చెడిపోతది, ఎవలేం జేస్తరు? నేను నిన్ను ఒక్క మాటన్న అన్ననా?"

క్షమిస్తోంది! నన్ను! చేయని దానికి! పాన్ చుట్టి, సున్నం రాసి, నా చేతిలో పెట్టి నవ్వింది కూడా. "భయపడకు, ఈ సున్నం మంచిదే."

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. అమ్మీ, ఆ సున్నం నాది కాదు, మీ గోడల డ్రమ్ములోది, అని. నోరు తెరిచాను. వెనక నుంచి తమ్ముడి చెయ్యి నా భుజం మీద పడి ఎముక దాకా నొక్కింది.

"అన్నా, లే. బస్సు పోతది."

"ఇంక అన్నం తిననే లేదు..." అంది అమ్మీ.

"పోతదమ్మీ, ఆఖరి బస్సు." నన్ను లేపి వాకిలి దాకా తీసుకుపోయాడు. ఆఖరి బస్సుకు ఇంకా చాలా పొద్దుంది. నాకు తెలుసు, వాడికీ తెలుసు. తల్లి ముందు బయటపడతానని భయపడ్డాడనుకున్నాను. అంత పిరికితనమా అని మొహం మీదే అన్నాను. పడ్డాడు.

అమ్మీ ఆ తర్వాత కొన్నేళ్ళకు పోయింది. పాన్‌దాన్ ఒడిలో ఉండగానే పోయిందన్నారు. నేను పోయి మట్టి వేసి వచ్చాను. ఆ రోజు ఏమీ అడగలేదు.

కొన్ని నెలలకు తమ్ముడు దుకాణానికి వచ్చాడు. సంచిలోంచి పాతబట్టలో చుట్టిన పగడం తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లగా, తేలిగ్గా, కొమ్మలన్నీ అట్లాగే ఉన్నాయి. దీనికొక అద్దాల పెట్టె కట్టివ్వన్నా అన్నాడు. చేప కూడా ముసలిదై పోయిందట. నేను కొలత తీసుకున్నాను. ఆ చిన్న జీవులు కట్టిన ఎముక, మన ఊరి నత్తగుల్లల ఎముక. చూస్తుంటే పాత మంట మళ్ళీ లేచింది. టైలరు మిషను ఆపి చెవి ఇటు వేశాడు. వేయనీ అనుకున్నాను.

"పెట్టె కడత. కట్టేముందు చెప్పు తమ్మీ, నత్త సచ్చి చేప ఎట్ల బతికింది?"

ఈసారి తల వంచుకోలేదు. టైలరు వింటున్నాడని చూసి కూడా గొంతు తగ్గించలేదు.

"అమ్మీ పోసిందన్నా. గోడల పనిల ఆమె ఇంట్లనే ఉండె, మాచారెడ్డికి నేను తర్వాత తోల్కపోయిన. నీ సున్నం అయిపోయింది, వాకిట్ల డ్రమ్ము నిండ సున్నమున్నది గదా అని తీసింది. నువ్వు చెప్పినట్టే మూత పెట్టి ఆపింది, అడుగు కదలకుంట తేట దించింది, చుక్క చుక్క పోసింది. 'మీ అన్నకు కబురు పెట్టకుంటనే నేనే చేసిన చూడు' అని నాకు ఎంత సంబురంగ చెప్పిందో. నేనేమనాలె? సముద్రాన్ని నువ్వే చంపినవమ్మీ అని చెప్పాల్నా? మల్ల ఆ పీట మీద కూసుంటుండెనా ఆమె? ఎవల మీదనన్న పెట్టాలె గద. అంతకుముందు అన్న పంపిన సున్నమే చెడ్డది, గదే మెల్లగ చంపిందని ఆమెతోని చెప్పిన. నీ మీద పెడితే కొట్లాడుతవు, తిడుతవు, అయినా మల్ల ఇంటికొస్తవు. గంత నమ్మకం నాకు ఇంకెవల మీద లేకుండె. చేప ఎట్ల బతికిందో నాకు నీ రుమాలు చూసిన పొద్దే ఎరుకన్నా."